ఒక డాలరూ ఒక బంతీ

కొట్టం తలుపు తోసుకుని లోపలికి రండి. వచ్చాక గట్టిగా మూసేయండి, లేకపోతే మంచుగాలి మన వెంటే దూరుతుంది. ఇది అమెరికా నడిమధ్యన అయోవా రాష్ట్రం. వాన్ మీటర్ అనే చిన్న ఊరి శివారులో ఫెల్లర్ల పొలం. 1930ల తొలి ఏళ్లలో ఒక చలికాలపు సాయంత్రం. బయట చేలన్నీ మంచు కింద ఉన్నాయి. లోపల ఎండుగడ్డి వాసన, పశువుల ఊపిరి వెచ్చదనం. పైన దూలాలకు కరెంటు దీపాలు వేలాడుతున్నాయి. అమెరికా పల్లెల్లో చాలా ఇళ్లకు ఇంకా కరెంటు రాని రోజులివి. పొలంపనీ ఇంటిపనీ లాంతరు వెలుగులోనే. ఇక్కడ మాత్రం గాలికి తిరిగే జనరేటరు ఒకటి పెట్టి, ఆ కరెంటును కొట్టం దాకా లాగారు. పాలు పితకడానికి లాంతరు చాలు. ఈ దీపాలు వేరే పనికి.

అదిగో, ఆ చివర గోడ దగ్గర గొంతుక్కూర్చున్న మనిషి బిల్ ఫెల్లర్, ఈ పొలం రైతు. ఎడమచేతికి లావుపాటి తోలు గ్లవ్. ఈ చివర నిలబడినవాడు కొడుకు బాబ్. 1918 నవంబరు 3న పుట్టాడు, అంటే ఇంకా మీసం మొలవని వయసు. రెండు చేతులూ తలమీదికి తిప్పి, ఎడమకాలు పైకెత్తి, ఒళ్లంతా వెనక్కి వాల్చి ఒక్కసారిగా ముందుకు వస్తాడు. బంతి ఎటు పోయిందో మనకు తెలిసేలోపే అవతల గ్లవ్‌లో ఫట్‌మని మోత. తండ్రి బంతిని తిరిగి విసురుతాడు. కుర్రాడు అందుకుంటాడు. మళ్లీ కాలు లేస్తుంది, మళ్లీ మోత. ఇలాంటి సాయంత్రాలు చలికాలం పొడుగునా.

క్రికెట్‌కు అలవాటుపడిన కళ్లు కాబట్టి ఒక్క క్షణం ఆగి చూద్దాం. ఇది బేస్‌బాల్. ఇక్కడ బంతి విసిరేవాడు పరుగెత్తుకుంటూ రాడు. ఉన్నచోటే నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి విసరాలి. మోచేయి వంచవచ్చు. బంతి నేలను తాకదు, గాలిలోనే బ్యాటర్ దాకా పోవాలి. పెద్దల ఆటలో ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాముల మధ్య, క్రికెట్ బంతికన్నా కాస్త తేలిక. తెల్లతోలు మీద ఎర్రదారంతో 108 జంట కుట్లు, మనవాళ్లకు చప్పున గుర్తుండిపోయే లెక్క. ఆ కుట్ల మీద వేళ్లు ఎలా ఆనించాడు, వదిలేటప్పుడు మణికట్టు ఎలా తిప్పాడు అన్నదాన్నిబట్టి బంతి నిటారుగా దూసుకుపోతుందా, చివర్లో వంగి కిందికి జారుతుందా అన్నది తేలుతుంది. నిటారుగా దూసుకుపోయేదాన్ని ఫాస్ట్‌బాల్ అంటారు. వంగేది కర్వ్. ఈ కొట్టంలో కుర్రాడు ఎక్కువగా విసిరేది మొదటిదే. దాన్ని పట్టడం తండ్రికి చిన్న పని కాదు. ఒకసారి అంచనా తప్పి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు కూడా. అయినా మళ్లీ వచ్చి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

ఈ రైతు చేసిన ఇంకో పని ముందు ఆ కరెంటు దీపాలు కూడా చిన్నవే అనిపిస్తుంది నాకు. అయోవా అంటే మొక్కజొన్న దేశం. ఆ పంట వేసినవాణ్ణి వేసవంతా కదలనివ్వదు: అంతరసేద్యం, కలుపు, ఆ తర్వాత కంకులు విరిచి పొట్టు ఒలవడం. బిల్ ఫెల్లర్ మొక్కజొన్న మానేసి గోధుమ వేశాడు. గోధుమ అంత పొద్దు అడగదు. మిగిలిన పొద్దు కొడుకుతో బంతి ఆడడానికి. రైతు పంట మార్చాడంటే నీళ్లో, ధరో, అప్పో కారణమై ఉంటుంది. పిల్లవాడి కుడిచెయ్యి కారణంగా పంట మార్చిన రైతు ఇంకెవరైనా ఉన్నారేమో, నేను మాత్రం వినలేదు. అదీ ఏ కాలంలో? ఆర్థిక మాంద్యం గొంతుమీద కూర్చుని, ధాన్యానికి గిట్టుబాటు లేక, పక్క పొలాలు బ్యాంకుల పాలవుతున్న కాలంలో.

మంచు కరిగాక బయటికి రండి. రకూన్ నది వైపు చూస్తూ ఓక్ చెట్లున్న ఈ పచ్చికబీడును తండ్రీకొడుకులు చదును చేశారు. కంచె వేశారు, జనం కూర్చోవడానికి బల్లలు కట్టారు, స్కోరుబోర్డు నిలబెట్టారు. ఓక్‌వ్యూ పార్క్ అని పేరు పెట్టారు. అప్పటికి బాబ్‌కు పన్నెండేళ్లు దాటాయంతే. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల జట్లు వస్తాయి, చూడడానికి వందలమంది వస్తారు. కాస్త టిక్కెట్టు డబ్బు వసూలవుతుంది. వారమంతా ఆవుల పాలు పితికి, నదినుంచి బకెట్లతో నీళ్లు మోసి, గడ్డిమోపులెత్తిన కుర్రాడు ఆదివారంనాడు తనకంటే ఎంతో పెద్దవాళ్లతో ఆడతాడు. పెద్దయ్యాక తన చేతిబలం గురించి ఎవరు అడిగినా ముందు ఈ పొలంపనుల గురించే చెప్పేవాడు.

ఒక సంగతి గమనించండి. ఈ మైదానంలో అతను ఇంకా పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు, కాడు. షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడి బంతులాపేవాడుగా ఆడుతున్నాడు. అతని ఆరాధ్యుడు రోజర్స్ హార్న్స్‌బీ, పిచర్ కాదు, గొప్ప బ్యాటర్. పదిహేనేళ్లు వచ్చేదాకా బాబ్ పిచర్ల దిబ్బ ఎక్కి నిలదొక్కుకున్నది లేదు. ఎక్కిన ఏడాదికే అయోవాలో అతని పేరు తెలియని ఆటగాడు లేకపోయాడు. కొట్టంలో విసిరిన ఆ వేల బంతులు, ఎందుకోసమో ముందు తెలియకుండానే, ఇందుకోసం దాచిపెట్టుకున్నవి.

ఇక 1935 వేసవి. సై స్లాప్నికా అనే పెద్దమనిషి క్లీవ్‌లాండ్ ఇండియన్స్ జట్టుకు ఆటగాళ్లను వెతికిపెట్టేవాడు. అతనిదీ అయోవాయే, సీడర్ ర్యాపిడ్స్. నిజానికి క్లాడ్ పాసో అనే ఇంకో పిచర్‌ను చూద్దామని ఈ వైపు వచ్చి, దారిలో ఈ కుర్రాడు ఆడుతుంటే ఆగాడు. పాసోను చూడడానికి ఇక పోలేదు. కొన్నాళ్లకు కాగితం సిద్ధమైంది. బాబ్‌కు పదహారేళ్లు కాబట్టి తండ్రి సంతకం కూడా కావాలి. ఆ సంతకానికి ప్రతిఫలం ఒక డాలరు, క్లీవ్‌లాండ్ జట్టు ఆటగాళ్లందరూ సంతకాలు చేసిన ఒక బంతి.

అంతే. ఇంకేమీ లేదు.

ఆ కాగితంలో ఒక మెలిక ఉంది, దాన్ని ఇప్పుడే చూసిపెట్టుకుందాం, ముందుముందు కథంతా దానిమీదే నడుస్తుంది. బడికుర్రాళ్లను, ఊరి జట్లలో ఆడేవాళ్లను మేజర్ లీగ్ జట్లు నేరుగా తీసుకోకూడదని అప్పటి నియమం. చిన్న లీగుల జట్లు మాత్రమే తీసుకోవచ్చు. అక్కడ ఎదిగినవాణ్ణి పెద్ద జట్లు డబ్బిచ్చి కొనుక్కోవాలి. అందుకని కాగితం మీద బాబ్ ఫెల్లర్ ఉత్తరాన ఫార్గో-మూర్‌హెడ్ జట్టువాడు. తర్వాత కాగితం మీదే న్యూ ఆర్లీన్స్ జట్టుకు మారాడు. ఈ రెండు జట్లకూ అతను ఒక్క బంతి కూడా వెయ్యలేదు.

1936 జులై 6, సోమవారం. క్లీవ్‌లాండ్‌లో లీగ్ పార్క్. ఇళ్ల మధ్య ఇరుక్కున్న పాత మైదానం ఇది. కుడివైపు కంచె 290 అడుగుల దూరంలోనే ఉంది, అది చాలదన్నట్టు దానిమీద ఎత్తయిన గోడ. మనం బంతి పట్టే క్యాచర్ వెనకాల, వలకు దగ్గరగా కూర్చుందాం. ఇవాళ ఆడేది లీగ్ మ్యాచ్ కాదు, ప్రదర్శన ఆట. ఎదుటివాళ్లు మాత్రం సెయింట్ లూయిస్ కార్డినల్స్, మురికి బట్టలకూ మోటు ఆటకూ పేరుపడ్డ మొనగాళ్లు. నాలుగో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ వైపునుంచి ఒక కుర్రాడు నడిచి వస్తున్నాడు. భుజాలు వెడల్పు, నడకలో ఇంకా పొలంగట్ల తూగు. బడికి సెలవులు కాబట్టి ఊరినుంచి వచ్చాడు. సెప్టెంబరులో మళ్లీ బడికి పోవాలి.

అతని బంతులు పట్టడానికి జట్టు మేనేజర్ స్టీవ్ ఓనీల్ తనే ముసుగు తగిలించుకుని, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక కూర్చున్నాడు. ఒకప్పటి మంచి క్యాచర్ అతను. సరిగ్గా ఇవాళే నలభై అయిదు నిండాయి. పుట్టినరోజునాడు అరచెయ్యి వాచేలా ఇలాంటి బంతులు పట్టాలని ఎందుకు కోరుకున్నాడో గ్లవ్ మోత వింటే అర్థమవుతుంది. ఇంత దగ్గరనుంచి చూసే అవకాశాన్ని ఇంకొకరికి ఎలా ఇస్తాడు?

మొదట్లో బంతి ఎక్కడికి పోతుందో ఆ కుర్రాడికే తెలిసినట్టు లేదు. ఒకటి బ్యాటర్ తల పక్కగా, ఒకటి వెనక వలకు. బ్యాట్ పట్టుకున్న మొనగాళ్ల కాళ్లు ప్లేట్‌కు దూరంగా జరగడం మనకు ఇక్కణ్ణించి స్పష్టంగా కనిపిస్తుంది. బేస్‌బాల్ బ్యాటర్ తలకు హెల్మెట్ లేని రోజులు, గుడ్డ టోపీ తప్ప. నోటిమాటకు ఎవరికీ లొంగని లియో డ్యూరోషర్ కూడా మూడు స్ట్రైకులతో వెనుదిరిగాడు. మూడు ఇన్నింగ్స్‌లో తొమ్మిదిమందిని అవుట్ చెయ్యాలి. అందులో ఎనిమిదిమందిని బ్యాట్‌కు బంతి అందనివ్వకుండానే పంపేశాడు. ఆట అయ్యాక ఫొటోలవాళ్లు కార్డినల్స్ మేటి పిచర్ డిజీ డీన్ దగ్గరికి పోయి, ఆ కుర్రాడితో కలిసి నిలబడతారా అని అడిగారు. నన్ను కాదు, ముందు ఆ కుర్రాణ్ణి అడగండి అన్నట్టు జవాబిచ్చాడు డీన్. గర్వానికి మారుపేరయిన మనిషి నోట ఆ మాట రావడం ఆ రోజు స్కోరుకన్నా పెద్ద సంగతి.

రెండువారాల తర్వాత వాషింగ్టన్‌లో ఒక ఇన్నింగ్స్ వేయించారు. చిన్న లీగుల మెట్టు ఒక్కటీ ఎక్కకుండా, పదిహేడేళ్లకు మేజర్ లీగ్ ఆటగాడయ్యాడు. మామూలుగా ఈ దారి ఎంత పొడుగో తెలిస్తే ఇదెంత వింతో తెలుస్తుంది. చిన్న ఊళ్ల జట్లలో, రాత్రంతా బస్సుల్లో తిరుగుతూ, చాలీచాలని జీతంతో ఏళ్లకేళ్లు ఆడి, వందమందిలో ఏ కొద్దిమందో పైకి చేరతారు. బాబ్‌కు ఆ ఏళ్లన్నీ కొట్టంలోనూ ఓక్‌వ్యూలోనూ గడిచిపోయాయి.

ఆగస్టు 23, ఆదివారం. మళ్లీ లీగ్ పార్కే, ఈసారి లెక్కలోకి వచ్చే ఆట. ఎదుట సెయింట్ లూయిస్ బ్రౌన్స్. మొదటి బంతినుంచే దిబ్బ మీద ఫెల్లర్. ఎండ కాస్తోంది. టోపీలు, తెల్లచొక్కాలు, వేరుశనగపొట్టు. మొదటి వరసలో కూర్చున్నాం కాబట్టి అతని విసురును ఈసారి నిదానంగా చూడవచ్చు.

చేతులు ఒకసారి వెనక్కి ఊగి తలపైకి లేస్తాయి. ఎడమకాలు నడుం దాటి పైకి. ఒళ్లు కుడివైపు ఎంతగా తిరుగుతుందంటే బ్యాటర్‌కు అతని వీపు కనిపిస్తుంది. ఆ క్షణంలో బంతి ఎక్కడుందో బ్యాటర్‌కు తెలియదు. తర్వాత ఆ కాలు నేలకు వస్తుంది, దాని వెనక నడుం, నడుం వెనక భుజం, భుజం వెనక మోచేయి, అన్నిటికన్నా చివర్న మణికట్టు. బలమంతా కాళ్లలో పుట్టి వేళ్ల కొసలకు చేరుతుంది. బంతి చేతినుంచి వదిలాక ప్లేట్ చేరడానికి అర సెకను కూడా పట్టదు. అందులో సగం సమయం కళ్లు దాన్ని గుర్తుపట్టడానికే పోతుంది. కొట్టాలా వదిలెయ్యాలా అని బ్యాటర్ తేల్చుకోవడానికి మిగిలేది రెప్పపాటు. ఈ చేతి వేగాన్ని 1946లో సైన్యం దగ్గరున్న పరికరంతో కొలిస్తే గంటకు 98.6 మైళ్లు తేలింది. అంటే దాదాపు 159 కిలోమీటర్లు.

బంతి బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, ప్లేట్ వెడల్పు దాటకుండా పోతే స్ట్రైక్. బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్, దాన్ని స్ట్రైకౌట్ అంటారు. ఆ హద్దు దాటి నాలుగు బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోతాడు, దాన్ని వాక్ అంటారు. మొత్తం ఆటలో పిచర్ జట్టు 27 మందిని అవుట్ చెయ్యాలి. ఇవాళ ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ బ్రౌన్స్ బ్యాటర్లు వస్తున్నారు, పోతున్నారు. అయిదు దాటింది, ఎనిమిది దాటింది, పది దాటింది. మన చుట్టూ కూర్చున్నవాళ్లు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ప్రతి రెండో స్ట్రైక్ తర్వాత కేకలు లేచి, బంతి చెయ్యి దాటగానే ఒక్కసారి ఆగి, గ్లవ్ మోతతో మళ్లీ లేస్తున్నాయి. ఆట ముగిసేసరికి క్లీవ్‌లాండ్ 4, బ్రౌన్స్ 1. స్ట్రైకౌట్లు పదిహేను. మేజర్ లీగుల్లో అతను మొదటినుంచీ వేసిన తొలి ఆటే ఇది. మేజర్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ రికార్డుకు ఒక్కటి తక్కువ.

ఆ రికార్డు పదహారు. 1908లో రూబ్ వాడెల్ పెట్టినది. మూడువారాలు ఆగి సెప్టెంబరు 13న ఇదే మైదానానికి వస్తే, అవతలి డగౌట్‌లో కోటూ టైతో కూర్చున్న సన్నటి ముసలాయన కనిపిస్తాడు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ మేనేజర్ కానీ మ్యాక్, డెబ్బై మూడేళ్లు. అందరు మేనేజర్లలా జట్టు దుస్తులు తొడుక్కోడు. 1908లో వాడెల్ ఆ పదహారుమందిని అవుట్ చేసింది ఈయన జట్టునే. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఈయన కళ్లముందే ఆ రికార్డు పోతోంది. ఈ కుర్రాడు తొమ్మిదిమందికి వాక్‌లిచ్చాడు. హిట్లు, అంటే బంతి కొట్టి బేస్ చేరడాలు, రెండే. స్ట్రైకౌట్లు పదిహేడు. డిజీ డీన్ 1933లో నెలకొల్పిన మేజర్ లీగ్ రికార్డుకు సమానం. పదిహేడేళ్లవాడు పదిహేడుమందిని. ఈ అంకెలు ఎవరైనా కథలో రాస్తే అతికినట్టు లేదంటాం.

తర్వాత అతను రైలెక్కి బడికి పోయాడు. వాన్ మీటర్ హైస్కూల్లో చివరి ఏడాది ఇంకా మిగిలే ఉంది. ఆ వేసవి మొత్తానికి 62 ఇన్నింగ్స్, 76 స్ట్రైకౌట్లు, అయిదు గెలుపులు, మూడు ఓటములు.

అదే సమయంలో ఆ కాగితం మెలిక బయటపడింది. అయోవాలోని చిన్న లీగ్ జట్టు డెమాయిన్, ఈ కుర్రాణ్ణి నియమం ప్రకారం మేం తీసుకోవలసింది, క్లీవ్‌లాండ్ దొడ్డిదారిన లాక్కుంది అని ఫిర్యాదు చేసింది. తీర్పు చెప్పవలసినవాడు కెనిసా మౌంటెన్ లాండిస్. ఒకప్పటి ఫెడరల్ జడ్జి. 1919 వరల్డ్ సిరీస్‌లో ఆటగాళ్లు డబ్బుకు అమ్ముడుపోయిన గొడవ తర్వాత బేస్‌బాల్ మొత్తాన్ని చేతికిచ్చి కూర్చోబెట్టిన కమిషనర్. చిన్న ఆటగాళ్లను పెద్ద జట్లు కాగితాల్లో దాచిపెట్టుకోవడమంటే ఆయనకు గిట్టదు. అలాంటి ఒప్పందాలను ఎన్నోసార్లు రద్దుచేసి ఆటగాళ్లను వదిలేశాడు. ఇదీ రద్దుచేస్తే ఏమవుతుంది? బాబ్ ఫెల్లర్ ఎవరికీ చెందనివాడవుతాడు. పదహారు మేజర్ లీగ్ జట్లు వేలంలోకి దిగుతాయి. మాంద్యం రోజుల్లో ఒక రైతుకుటుంబం కలలో కూడా లెక్కపెట్టలేని సొమ్ము.

ఇక్కడ బిల్ ఫెల్లర్ ముఖం చూడాలని ఉంది నాకు. చేతికి మట్టి అంటిన మనిషి, కొడుకును పక్కన పెట్టుకుని, దేశమంతా భయపడే జడ్జి ముందు కూర్చున్నాడు. అడగనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, లక్షలు వచ్చిపడతాయి. ఆయన ఊరుకోలేదు. స్లాప్నికాకు మాటిచ్చాం, మావాడు క్లీవ్‌లాండ్‌కే ఆడతాడు, కాదంటే కోర్టుకు పోతాం అన్నాడు. కొడుకును విడిపించడానికి కూర్చున్న జడ్జితోనే విడిపించవద్దని పోట్లాడాడు. ఆ ఒక డాలరు కాగితం కొడుకుకు నష్టమని ఆయనకు తెలియకపోదు. ఆ మాట నిలబెట్టుకోవడం తెలివైన పనో కాదో లెక్కలు వేసుకోవచ్చు. ఎంత వేసినా ఆ రైతు మీద గౌరవం నాకు పెరుగుతుందే తప్ప తగ్గదు. కొడుకు కోసం పంట మార్చిన మనిషి, డబ్బు కోసం మాట మార్చలేదు.

1936 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఫెల్లర్ క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాడు. క్లీవ్‌లాండ్ డెమాయిన్ జట్టుకు 7,500 డాలర్లు కట్టాలి.

1937 ఏప్రిల్ 19 టైమ్ పత్రిక అట్టమీద అతని బొమ్మ వచ్చింది. ఇంకా హైస్కూలు పూర్తికాలేదు. అయిదు రోజులకే, ఆ సీజన్‌లో తన మొదటి ఆటలో, కర్వ్ వేస్తుంటే కాలు జారి మోచెయ్యి దెబ్బతింది. ఫాస్ట్‌బాల్ పిచర్‌కు మోచెయ్యి నొప్పి అంటే ఏమిటో పక్కనున్న ఏ ఆటగాడి మొహం చూసినా తెలుస్తుంది. ఎందరి బతుకులో అక్కడే ముగిసిపోయాయి. వారాల తరబడి బెంచి మీద కూర్చున్నాడు. ఆ మధ్యలో మే నెలలో ఊరికి పోయి పట్టా అందుకున్నాడు. వాన్ మీటర్ బడిలో ఆ చిన్న వేడుకను ఎన్‌బీసీ రేడియో దేశమంతటికీ ప్రసారం చేసింది. తోటి పిల్లలూ అయ్యవార్లూ మైకుల తీగల మధ్య తడబడుతూ నడిచి ఉంటారు. వేసవి నడిమికి మోచెయ్యి నయమైంది. ఆ ఏడాది తొమ్మిది గెలిచాడు, 150 స్ట్రైకౌట్లు.

వేగం ఉంది, అదుపు ఇంకా లేదు. 1938లో 208 మందికి వాక్‌లిచ్చాడు. ఒక సీజన్‌లో ఇంతకన్నా ఎక్కువ ఇచ్చినవాడు ఆధునిక మేజర్ లీగుల్లో ఈనాటికీ లేడు. అదే ఏడాది ఆఖరి రోజు, అక్టోబరు 2న, డెట్రాయిట్ మీద 18 మందిని స్ట్రైకౌట్ చేసి కొత్త రికార్డు పెట్టాడు, ఆట మాత్రం 4-1తో ఓడిపోయాడు. రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి చూడాలి. బడినుంచి నేరుగా పైకి వచ్చినవాడు చిన్న లీగుల్లో ఎవరూ చూడకుండా నేర్చుకోవలసిన పాఠాన్ని వేలమంది ముందు నేర్చుకుంటున్నాడు.

1939 మే 14, మాతృదినోత్సవం. షికాగోలో కోమిస్కీ పార్క్. అయోవానుంచి తల్లి లీనా, తండ్రి, చెల్లెలు మార్గరీట్ ఆట చూడడానికి వచ్చారు. కొడుకు వేసిన ఒక బంతిని షికాగో బ్యాటర్ మార్వ్ ఓవెన్ పక్కకు తిప్పికొట్టాడు. అది నేరుగా స్టాండులోకి పోయి లీనా ముఖానికి తగిలింది. దిబ్బమీదనుంచి బాబ్ పరుగెత్తుకొచ్చాడు. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయారు, కుట్లు పడ్డాయి. అతను తిరిగి దిబ్బ ఎక్కి ఆట పూర్తిచేశాడు, గెలిచాడు, తర్వాత ఆస్పత్రికి పోయాడు. ఆ మిగతా ఇన్నింగ్స్ ఎలా వేశాడో నాకు ఊహకందదు.

ఏడాది తిరగలేదు. 1940 ఏప్రిల్ 16, మంగళవారం, అదే కోమిస్కీ పార్క్. సీజన్ మొదటి రోజు. ఎముకలు కొరికే చలి, మైదానం మీదుగా మిషిగన్ సరస్సు గాలి. ఫెల్లర్ కుటుంబం మళ్లీ స్టాండులో ఉంది, లీనా కూడా. బాబ్‌కు ఇరవై ఒకటి. నాలుగో ఇన్నింగ్స్‌లో క్యాచర్ రోలీ హెమ్స్‌లీ కొట్టిన దెబ్బకు క్లీవ్‌లాండ్‌కు ఒక పరుగు వచ్చింది. ఇంకో పరుగు ఎటువైపూ రాలేదు. ఆరు, ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్ గడిచాయి, షికాగోకు ఇంకా ఒక్క హిట్ లేదు. ఇలాంటప్పుడు డగౌట్‌లో ఆ సంగతి ఎవరూ పైకి అనరు, పిచర్ పక్కన ఎవరూ కూర్చోరు. అంటే దిష్టి తగులుతుందని వాళ్ల నమ్మకం.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. లూక్ ఆప్లింగ్ వచ్చాడు. వచ్చిన ప్రతి మంచి బంతినీ పక్కకు, వెనక్కి కొట్టిపారేస్తూ పిచర్‌ను అలవగొట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఒకటి పక్కకు. ఇంకొకటి. ఇంకొకటి. చివరికి వాక్ తీసుకుని మొదటి బేస్‌కు పోయాడు. తర్వాత టాఫ్ట్ రైట్. బంతి నేలబారుగా, గట్టిగా, మొదటి బేస్‌కూ రెండో బేస్‌కూ మధ్యకు దూసుకుపోయింది. హిట్ అనుకుని చుట్టూ అందరూ లేచారు. రెండో బేస్‌మ్యాన్ రే మ్యాక్ ఎడమవైపు ఒళ్లు విసిరి దాన్ని ఆపాడు. బంతి గ్లవ్‌లోంచి జారింది. ఒట్టిచేత్తో అందుకుని మొదటి బేస్ దగ్గరున్న హాల్ ట్రాస్కీకి విసిరాడు. రైట్ కాలు బేస్ మీద పడడానికి ఒక్క అడుగు ముందు బంతి ట్రాస్కీ చేతిలో ఉంది. అంపైర్ బొటనవేలు లేచింది.

సీజన్ మొదటి రోజున ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట మొత్తం వేసిన పిచర్ ఆధునిక మేజర్ లీగుల్లో ఈనాటికీ ఇతనొక్కడే. ఆ సాయంత్రం రే మ్యాక్ పట్టిన బంతి గురించి అడిగినవాళ్లందరికీ చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.